బాదుషా ఇంట్లో ఉన్నన్నాళ్లు

ప్రేమ్‌రాజ్‌కు నలభై ఆరేళ్లు. మలక్‌పేట గంజ్‌లో అన్న నగేష్ నడిపే ఎండుమిర్చి దుకాణంలో కాంటా దగ్గర పనిచేస్తాడు. హమాలీలు బస్తా తెచ్చి కాంటా మీద వేస్తారు, ఇతను బరువు చూసి బస్తా మీద రాస్తాడు. రోజంతా నోరు విప్పాల్సిన పని లేదు. తండ్రి ఆలోచించే అతన్ని అక్కడ కూర్చోబెట్టాడు. ప్రేమ్‌రాజ్‌కు నత్తి.

అది మాట మధ్యలో తడబడే నత్తి కాదు. కొన్ని అక్షరాల దగ్గర గొంతు పూర్తిగా మూసుకుపోతుంది, ముఖ్యంగా ప, బ, మ అనాల్సి వస్తే. పెదవులు అతుక్కుపోతాయి, మెడ నరాలు తేలుతాయి, కళ్లు ఒక పక్కకు తిరిగిపోతాయి. ఎదుటివాళ్లు కాసేపు చూసి ఆ మాట తామే అందిస్తారు. అందించింది తప్పైనా అతను తలూపుతాడు. ఒకసారి టీ కొట్టు దగ్గర బన్ను అడగబోతే బిస్కెట్లు చేతిలో పెట్టారు. అప్పట్నుంచి అక్కడ బిస్కెట్లే తింటున్నాడు. తన పేరు తాను చెప్పుకోవడం కూడా కష్టమే.

తల్లి విమలాదేవి బతికున్నంతకాలం అతనికి మాటల అవసరం పెద్దగా రాలేదు. "వాని నోట్లున్న మాట నా నోట్ల ఉంటది" అని ఆమె చుట్టాల దగ్గర గర్వంగా చెప్పుకునేది. కూరగాయల బండి దగ్గర, డాక్టరు దగ్గర, పెళ్లిచూపుల్లో, అన్నిచోట్లా అతని తరఫున ఆమే మాట్లాడింది. పెళ్లిచూపులు రెండుసార్లు జరిగాయి, రెండూ కుదరలేదు. నగేష్ పెళ్లయ్యాక మలక్‌పేటలో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లాడు. కిషన్‌బాగ్ ఇంట్లో తల్లీ కొడుకూ మిగిలారు. కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఆమె గుండెనొప్పితో పోయింది.

ఆ తర్వాత ఆదివారాలు కష్టమయ్యాయి. గంజ్ మూసి ఉంటుంది. శనివారం సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చాక సోమవారం పొద్దున దాకా ఒక్క మాటైనా మాట్లాడని వారాలు ఉండేవి. మాట్లాడడానికి భయపడి ఊరుకోవడం అతనికి అలవాటే. మాట్లాడడానికి మనిషే లేకపోవడం వేరని అప్పుడు తెలిసింది.

ఒకరోజు పొద్దున అతను ఉల్లిగడ్డల షెడ్డు దగ్గర చాయ్ తాగుతుంటే ఒక అమ్మాయి కుక్కపిల్లను తాడు పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. పిల్లకు నీలం జాకెట్ తొడిగారు. తోపుడు బండ్లు, లారీ హారన్లు, హమాలీల కేకలు. ఆ పిల్ల బెదిరి వెనక్కి తగ్గినప్పుడల్లా అమ్మాయి ఆగి, అది కుదుటపడ్డాక మళ్లీ కదులుతోంది. సరిగ్గా ప్రేమ్‌రాజ్ కాళ్ల దగ్గరికొచ్చి అది కూర్చుంది.

దాని పేరు అడుగుదామనుకున్నాడు. 'పే' దగ్గర పెదవులు బిగుసుకుపోయాయి. ఆ అమ్మాయి మాట అందించలేదు. కుక్క ముందు ఆగినట్టే అతని ముందూ ఆగింది.

"పే... పేరేంది?"

"లడ్డు అన్నా. నా పేరు స్రవ్య."

స్రవ్య 'చేదోడు' అనే ట్రస్టులో కుక్కలకు శిక్షణ ఇస్తుంది. చూపు లేనివాళ్లకు దారి చూపడానికి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు కిందపడ్డ వస్తువులు అందించడానికి, తలుపులు లాగడానికి వాళ్లు కుక్కల్ని తయారుచేస్తారు.

"రెండు నెలల పిల్లప్పుడు ఒక ఇంటికిస్తం అన్నా. ఏడాది మీద ఆ ఇంట్లనే పెరగాలె. జనం, బస్సులు, లొల్లి అన్నీ అలవాటు కావాలె. అటెంక మా దగ్గరికి తీసుకపోయి అసలు పని నేర్పుతం."

"మ... మళ్ల ఇచ్చెయ్యాల్నా?"

"ఇచ్చెయ్యాలె. గందుకే ఇండ్లు దొరుకుతలెవ్వు" అంది స్రవ్య, ఒక కార్డు చేతిలో పెట్టి.

ప్రేమ్‌రాజ్ ఆ నంబరుకు మెసేజ్ పెట్టాడు. వివరాలకు ఫోన్ చేయమని జవాబు వచ్చింది. ఫోన్ అంటే అతనికి ప్రాణం మీదికి వస్తుంది. అవతలివాళ్లకు మొహం కనబడదు, మౌనం మాత్రమే వినబడుతుంది, లైన్ కట్ అయిందనుకుని పెట్టేస్తారు. అందుకని ఆదివారం బస్సులు మారి శామీర్‌పేట అవతలున్న ట్రస్టుకు తనే వెళ్లాడు. స్రవ్య ముందు నిలబడి ఒక్క వాక్యం చెప్పాడు. "నేను పె... పెంచుత." దారి పొడుగునా సాధన చేసిన వాక్యం అది.

స్రవ్య కిషన్‌బాగ్ వచ్చి ఇల్లు చూసింది. మెట్లు, కరెంటు వైర్లు, గేటు చూసి, ఇంట్లో ఇంకెవరుంటారని అడిగింది. అతను చూపుడువేలు తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. పిల్లను ఎక్కువసేపు ఒంటరిగా వదలకూడదని, పగలు దుకాణంలో చోటు చూసుకోవాలని ఆమె షరతు పెట్టింది.

అన్నను ఏదైనా అడగడం ప్రేమ్‌రాజ్‌కు అదే మొదటిసారి. నగేష్ లెక్కల పుస్తకంలోంచి తలెత్తాడు.

"మిర్చి దుకాణంల కుక్కేందిరా? తుమ్మి తుమ్మి సస్తది."

"వె... వెనక రూము."

"పెంచి పెద్దగ జేసి మంది చేతుల పెడ్తవా? గంత ఖాళీగున్నవా?"

ఆ చివరి మాటకు తమ్ముడు తలూపాడు. నగేష్ పెరటివైపు గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

అలా వచ్చింది పిల్ల. లేత గోధుమరంగు మగ లాబ్రడార్. ఆ ఈతలో పుట్టిన అన్నింటికీ మిఠాయిల పేర్లు పెట్టారు. ఇతనికి వచ్చినదాని పేరు బాదుషా.

"పే... పేరు మార్చొచ్చా?"

"రికార్డుల ఎక్కింది అన్నా" అంది స్రవ్య. ఆ పేరు అతనికి ఎంత కష్టమో ఆమెకు అర్థమైంది. "ఫికర్ చెయ్యకుండ్రి, మెల్లగ అలవాటైతది."

ఎదురింట్లో కూలర్లు బాగుచేసే జహంగీర్ భాయ్ ఆ పేరు విని చాలాసేపు నవ్వాడు. "నేను జహంగీర్, వీడు బాదుషా. గల్లీకి ఇద్దరు రాజులైతిమి భాయ్." నమాజుకు వెళ్లే మనిషి కనుక కుక్క ముక్కు బట్టలకు తగలకుండా ఎడంగా నిలబడేవాడు. అయినా గల్లీలో ఎవరైనా పటాకులు పేల్చబోతుంటే ముందే వచ్చి చెప్పిపోయేవాడు.

కష్టమంతా పిలుపు దగ్గరే వచ్చింది. ముందు పేరు పిలవాలి, అది తల తిప్పాక సిట్ అనో వెయిట్ అనో చెప్పాలి. ప్రేమ్‌రాజ్ పెదవులు 'బా' మీద మూసుకుని ఉండగానే పిల్ల అటు తిరిగి చెప్పు కొరకడం మొదలుపెట్టేది. మాట బయటికొచ్చేసరికి గదిలో ఉండేది కాదు. తన చేతిలో పడి ఒక మంచి కుక్క పాడైపోతుందని అతను భయపడ్డాడు. తిరిగి ఇచ్చేద్దామని కూడా అనుకున్నాడు.

స్రవ్య వచ్చి కాసేపు చూసింది. "మీరు తొందరపడుతున్నరు అన్నా. వానికేం తొందర లేదు. ఎదురుంగ కూసోండ్రి. మాట ఎప్పుడొస్తే అప్పుడే రానియ్యుండ్రి. వచ్చినంకనే తిండి గింజ వానికియ్యుండ్రి."

రోజూ దుకాణం నుంచి వచ్చి, మిర్చి ఘాటు పోయేలా స్నానం చేసి, బట్టలు మార్చుకుని ప్రేమ్‌రాజ్ నేల మీద కూర్చునేవాడు. ఎదురుగా బాదుషా. కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాడు. శబ్దం రాకముందే, తన పెదవులు బిగుసుకోగానే, పిల్ల చేస్తున్న పని మానేసి వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. కళ్లు అతని నోటి మీద పెట్టి ఉంటుంది. మాట ఎంత ఆలస్యమైనా కదలదు. ఆ చూపులో జాలి లేదు, విసుగు లేదు. వచ్చేది వస్తుందన్నట్టు కూర్చుంటుంది.

పిల్ల ఎదిగాక బస్సుల్లో తిప్పాడు. అఫ్జల్‌గంజ్‌లో ఎక్కిన బస్సు ఒకరోజు కిక్కిరిసి ఉంది. కండక్టర్ ఎక్కడికని అడిగింది. ప్రేమ్‌రాజ్ 'మ' దగ్గర ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో "జల్ది చెప్పు భాయ్, మలక్‌పేటనా, మూసారాంబాగా?" అన్నారు. ఎప్పటిలా తలూపి ఉండేవాడే. కానీ కాళ్ల దగ్గర బాదుషా తల పైకెత్తి అతని నోటివంకే చూస్తోంది. అతను జనాన్ని వదిలి ఆ కళ్లలోకి చూశాడు.

"మ... మలక్‌పేట" అన్నాడు.

కండక్టర్ టికెట్ ఇచ్చింది. జరిగింది అంతే. కానీ ఆ రోజంతా కాంటా దగ్గర అతనికి తల్లి గుర్తొస్తూనే ఉంది. ఆమె ప్రేమలో ఏ లోటూ లేదు. అయితే అతని మాట పూర్తయ్యేదాకా ఆమె ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి కష్టమనిపించింది.

బాదుషాతో వెళ్తుంటే జనం దగ్గరికొచ్చేవాళ్లు. "ఏ జాతి? ఏం తింటది? కరుస్తదా?" అని అడిగేవాళ్లు. సమాధానం వచ్చేలోపు కుక్కకు ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. పేరు పిలిచి పలకరించేది కూడా కుక్కనే. ప్రేమ్‌రాజ్ పక్కన తాడు పట్టుకుని నిలబడేవాడు. ఇంటికొచ్చి తలుపు వేశాక ఆ ఇద్దరే. అప్పుడు బాదుషాకు గంజ్ కబుర్లన్నీ చెప్పేవాడు. ఏ ఊరి మిర్చి తడిసి వచ్చింది, నగేష్ ఎవరితో లొల్లి పెట్టుకున్నాడు, అన్నీ. ఆగి ఆగి చెప్పేవాడు, ఎంతసేపైనా.

ఏడాది నిండాక ట్రస్టువాళ్లు కుక్కను పరీక్షించారు. స్రవ్య మొహం చూడగానే ఏదో తేడా ఉందని అర్థమైంది.

"చూపు లేనోళ్లకు పనికిరాడేమో అన్నా. చెప్పిన మాట విన్నంక గూడ మొహం దిక్కు చూసుకుంట నిలబడుతడు. రోడ్డు దాటేకాడ గట్ల నిలబడితే ఎట్ల?"

"అ... అయితే?"

"మారకపోతే తీసేస్తరు. తీసేసినవాటి గురించి ఫస్టు పెంచినోళ్లనే అడుగుతరు, ఉంచుకుంటరా అని." ఫోన్లో తన గొంతుతో రికార్డు చేసిన ఆదేశాలు అతనికి పంపింది. రోజూ అవి వినిపించి, మాట వినగానే కదిలేలా అలవాటు చేయమంది.

ప్రేమ్‌రాజ్ ఆ వారమంతా ఆ రికార్డు పెట్టలేదు. ఫోన్ జేబులోనే ఉంచుకుని, బాదుషా ఎదురుగా కూర్చుని, ఎప్పటిలాగే తన మాట కోసం దాన్ని ఆగనిచ్చాడు. కుక్క పరీక్షలో తప్పాలని కోరుకున్నాడు. ఆదివారం నాడు బాదుషాను పార్కుకు తీసుకెళ్తే ఒక నల్ల కళ్లద్దాల పెద్దాయన చేతికర్రతో తడుముకుంటూ బెంచీ వెతుక్కోవడం కనిపించింది. ఆయన మనవరాలు కాబోలు, పక్కన నడుస్తూ ఫోన్ చూసుకుంటోంది. ప్రేమ్‌రాజ్ ఇంటికొచ్చి స్రవ్య రికార్డు పెట్టాడు. ఆ తర్వాత రోజూ పెట్టాడు. మార్పు పెద్దగా రాలేదు. రాలేదని అతను సంతోషించాడు, సంతోషించినందుకు నొచ్చుకున్నాడు.

తీసుకెళ్లే రోజు ట్రస్టు బండి గల్లీలోకి వచ్చింది. పరీక్షలకు వెళ్లినప్పుడు బాదుషా ఎక్కిన బండే కనుక హుషారుగా దూకి ఎక్కింది. జహంగీర్ భాయ్ తన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ప్రేమ్‌రాజ్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. పోయిరా బాదుషా అనాలనుకున్నాడు. పెదవులు బిగుసుకున్నాయి. అద్దం వెనక కుక్క వెంటనే నిటారుగా కూర్చుని అతని నోటివంక చూసింది. డ్రైవర్‌కు ఆ సంగతి తెలియదు. బండి కదిలింది. అది మలుపు తిరిగాక, ఖాళీ గల్లీలో, మాట బయటికొచ్చింది.

"అల్లా కే హవాలే, భాయ్. ఇగ ఆయనే చూసుకుంటడు" అన్నాడు జహంగీర్. ఇద్దరూ ఎవరి ఇంట్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

ఇంతకుముందు ఒంటరితనం అతనికి అలవాటైన చొక్కా లాంటిది. ఇప్పుడది ఒంటికి పట్టలేదు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, తెలియకుండానే నేల మీద కూర్చునేవాడు. ఎదురుగా గోడ. గంజ్ కబుర్లు గోడకు చెప్పబోయి ఆగిపోయేవాడు. గచ్చు మీద గోళ్ల చప్పుడు విన్నట్టనిపించి చెయ్యి కిందికి చాచేవాడు. దుకాణంలో వెనక గది తాళంచెవి నగేష్ తిరిగి అడగలేదు, ఇతనూ ఇవ్వలేదు. వదిన మహేశ్వరి పండక్కి భోజనానికి పిలిచింది. అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే తిని వచ్చేశాడు. బాదుషా పరీక్షలో తప్పితే తనకే ఇస్తారు. ఆ ఒక్క ఆశ మాత్రం ఎవరికీ చెప్పకుండా లోపల పెట్టుకున్నాడు. వానలు వెళ్లి చలి వచ్చింది.

ఒక మధ్యాహ్నం స్రవ్య గంజ్‌కు వచ్చింది. చేతిలో ఏ తాడూ లేదు.

"అన్నా, మీకు ఫోన్ల చెప్పబుద్ధి కాలే. బాదుషాను దారి చూపే పనిలకెళ్లి తీసేసిన్రు."

ప్రేమ్‌రాజ్ బస్తా మీద చెయ్యి ఆన్చాడు.

"అయితే సైదాబాద్‌ల ఒకామె ఉన్నది. కీర్తిప్రియ. పుట్టినప్పటి సంది కుర్చీలనే. నరాలు పట్టేసి మాట చానా మెల్లగ వస్తది. రెండు కుక్కల్ని చూపెట్టినం. ఆమె మాట అయ్యేదాక ఏదీ ఉండలే, మస్తు షార్ప్ కుక్కలు, అటూ ఇటూ పోయినయ్. బాదుషాను తీసుకపోయినం." అంది స్రవ్య. "వాడు పోయి ఆమె ముంగట కూసున్నడు. నోటి దిక్కు చూసుకుంట."

హమాలీ బస్తా దించి బరువు రాయమన్నట్టు చూశాడు. ప్రేమ్‌రాజ్ రాశాడు. తర్వాత స్రవ్య వైపు తిరిగాడు.

"మం... మంచిగైంది" అన్నాడు. ఆ మాట రావడానికి చాలాసేపు పట్టింది. స్రవ్య కదలకుండా నిలబడింది.

కీర్తిప్రియ ఒప్పుకోవడంతో ఒకసారి చూసి రావడానికి వెళ్లాడు. సైదాబాద్‌లో కింది వాటా ఇల్లు. తల్లి చంద్రమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఆమె పనికి వెళ్తే కూతురు కంప్యూటర్ మీద పని చేసుకుంటూ ఒక్కతే ఉంటుంది. ఫోన్ చేతిలోంచి జారితే తల్లి వచ్చేదాకా అది కిందే.

"వీన్ని సాదింది మీరేనా అన్నా? రాండ్రి, కూసోండ్రి" అంది చంద్రమ్మ.

బాదుషా గుర్తుపట్టింది. ఒళ్లంతా ఊపుతూ వచ్చి అతని మోకాళ్ల మధ్య తల దూర్చింది. ప్రేమ్‌రాజ్ దాని చెవుల వెనక వేళ్లు పెట్టాడు. ఇంకా అదే వెచ్చదనం.

కీర్తిప్రియ కుర్చీ చేతి మీదున్న పెన్ను కింద పడింది. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. బాదుషా తల పైకెత్తింది. ప్రేమ్‌రాజ్ మోకాళ్ల మధ్య నుంచి తల తీసుకుని వెళ్లి ఆమె ఎదురుగా నిలబడింది. ఆమె దవడ వణికింది, మెడ ఒక పక్కకు వంగింది. చివరికి "తే" అంది. కుక్క పెన్ను నోట కరుచుకుని ఆమె ఒళ్లో పెట్టి అక్కడే కూర్చుంది. తిరిగి రాలేదు.

ప్రేమ్‌రాజ్ ఖాళీ అయిన చేతుల్ని మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

కీర్తిప్రియ అతన్ని చూసి ఏదో చెప్పబోయింది.

"థాంక్స్ అంటున్నది అన్నా" అంది చంద్రమ్మ.

అమ్మాయి తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టింది.

"చాయ్ తాగుమంటున్నది. పెడ్తున్న, ఉండు బిడ్డా."

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కోపమని ప్రేమ్‌రాజ్‌కు తెలిసిపోయింది. ఆ కోపాన్ని అతను నలభై ఏళ్లు మింగాడు.

"అ... అమ్మా" అన్నాడు. చంద్రమ్మ వంటింటి గుమ్మంలో ఆగింది. "చె... చెప్పనియ్యుండ్రి."

అతను కీర్తిప్రియ వంక చూస్తూ కూర్చున్నాడు. బాదుషా కూడా అలాగే చూస్తోంది.

"ఆగుడు... వీనికి... నువ్వు... నేర్పినవా... అంకుల్?"

"లే... లేదు బిడ్డా. నా మా... మాట కోసం వాడే నేర్చిండు."

ఆమె నవ్వింది. నవ్వు మాత్రం వెంటనే వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. కుక్కకు స్నానమంటే ఎంత మంకో అతను చెప్పాడు. తన పని ఏమిటో ఆమె చెప్పింది. వేరే ఎవరైనా అయితే ఐదు నిమిషాల్లో ముగించే కబుర్లు. చంద్రమ్మ చాయ్ పెట్టి ఇచ్చి, నోరు విప్పకుండా గోడకు ఆనుకుని విన్నది.

గేటు దాకా వచ్చి మెల్లగా అంది. "పుట్టినకాంచి దాని మాట నేనే చెప్తున్న అన్నా. దానికి గంత కోపమున్నదని తెల్వదు."

ప్రేమ్‌రాజ్ ఆమెకు ఏదో చెప్పాలనుకున్నాడు. మీది తప్పు కాదు అనో, మా అమ్మ కూడా అంతే అనో. చివరికి చేతులు జోడించి వచ్చేశాడు.

కుక్క కొత్త మనిషికి పూర్తిగా అలవాటయ్యేదాకా పెంచినవాళ్లు రెండోసారి వెళ్లకూడదని ట్రస్టు నియమం. ఆ గడువు అయిపోయాక కూడా అతను వెళ్లలేదు. తనను చూసిన ప్రతిసారీ బాదుషా ఇటూ అటూ చీలిపోతుందని అనుకున్నాడు. స్రవ్య ఇంకో కుక్కపిల్లను తీసుకుంటారా అని అడిగింది. "ఇ... ఇప్పుడొద్దు" అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

అయితే ఆదివారాలు శామీర్‌పేట వెళ్తున్నాడు. అక్కడ కుక్కపిల్లల గదులు కడుగుతాడు, స్నానాలు చేయిస్తాడు. కొత్తగా పుట్టినవి ఒళ్లోకి ఎక్కి గుండీలు కొరుకుతుంటే ఊరుకుంటాడు. వాటి పేర్లు మాత్రం అడగడు. ఏదైనా పిల్లను పెంచేవాళ్లు తీసుకెళ్లే రోజైతే ఆ పూట వెనక షెడ్డులో దాణా బస్తాలు సర్దుతూ ఉండిపోతాడు.

సాయంత్రం బస్సులు మారి కిషన్‌బాగ్ చేరేసరికి చీకటి పడుతుంది. తలుపు తీసి, లైటు వేసి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అది ఉడికేదాకా వంటింట్లోనే నిలబడి ఉంటాడు.